ముస్తఫాకి కొత్త పెట్టె

*గేమ్ షాపుల్లో నిలబడి ఆడిన తరం ఇప్పుడు ఆ పెట్టెను ఇంట్లోనే చేయించుకుంటోంది. ప్లైవుడ్ సంగతి వడ్రంగి చూసుకుంటాడు. స్టిక్కర్ల సంగతి ఫ్లెక్సీ షాపు చూసుకుంటుంది. చిక్కంతా లోపల పెట్టే సామాను దగ్గరే.*

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. శనివారం సాయంత్రం. మెట్ల పక్కన ఓ చిన్న షాపు ముందు నల్లటి సీపీయూ డబ్బాలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. ప్రతిదాని మీదా ఏదో కంపెనీ అంటించిన నంబరు చీటీ, సగం చిరిగి వేలాడుతోంది. నలభై దాటిన ఒకాయన జేబులోంచి టేపు తీసి ఓ డబ్బా పొడవూ వెడల్పూ కొలుస్తున్నాడు. పక్కన పదేళ్ల కూతురు ఆ కొలతల్ని నోట్‌బుక్‌లో రాసుకుంటోంది.

‘‘ఏం పనికన్నా?’’ అడిగాడు షాపతను.

‘‘గేమ్స్ ఆడనీకి.’’

‘‘గేమ్స్‌కైతే ఇవి నడవయన్నా. గ్రాఫిక్స్ కార్డ్ కావాలె, ప్రాసెసర్ కొత్తది కావాలె. లోపలికి రా, చూపిస్తా.’’

‘‘కొత్త గేమ్స్ కాదు తమ్మీ, ముస్తఫా.’’

షాపతని మొహం వెలిగిపోయింది. ‘‘ముస్తఫానా! మా బస్తీల రూపాయి బిళ్లకు ఆడుతుంటిమి గదన్నా!’’ అంటూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బేరం పక్కకు పోయి కబుర్లు మొదలయ్యాయి. పాప ఒకసారి వాళ్ల నాన్న వైపు, ఒకసారి షాపతని వైపు చూసి అడిగింది: ‘‘ముస్తఫా ఎవరు నాన్నా?’’

రూపాయి బిళ్ల రోజులు

జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అనే ఆటను విడుదల చేసింది. మార్క్ షుల్ట్జ్ గీసిన ‘జెనోజోయిక్ టేల్స్’ కామిక్స్ దానికి మూలం. ఒక స్టిక్, రెండే బటన్లు. ఒకటి కొట్టడానికి, ఇంకోటి ఎగరడానికి. ముగ్గురు పక్కపక్కన నిలబడి ఆడొచ్చు. ఆటలో హీరోలు నలుగురున్నా, పరుగెత్తుకొచ్చి గాల్లో తన్నే ముస్తఫా కైరో దొరికితేనే మనవాళ్లకు తృప్తి. ఆఖరికి ఆటకే అతని పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు చెబితే తెల్లమొహం వేసేవాళ్లు కూడా ‘ముస్తఫా’ అనగానే చేతులు ఆడిస్తారు.

తొంభైల్లో మన ఊళ్లలో ఆ పెట్టెలకు ప్రత్యేకంగా మేడలేం ఉండేవి కావు. వీధి చివరి షట్టర్‌లోనో, సినిమా హాలు పక్క గదిలోనో రెండో మూడో పెట్టెలు, పైన ఒక ఫ్యాను, బిళ్లలిచ్చే మనిషి. వెనక నిలబడ్డవాడు ‘నెక్స్ట్ నాది’ అని ముందే చెప్పుకోవాలి. బాగా ఆడేవాడి చుట్టూ గుంపు. ఆఖరి లెవెల్‌లో ఉండగా కరెంటు పోతే ఆ గుంపంతా కలిసి పెట్టే కేక పక్క వీధికి వినపడేది. స్కూలు ఎగ్గొట్టి, అక్కడే నాన్నకు దొరికిపోయి, ఇంటిదాకా వీపు మోగించుకుంటూ వెళ్లినవాళ్లు ఈ పేజీ చదువుతున్నవాళ్లలోనూ ఉంటారు.

ఆడపిల్లలకు మాత్రం చాలా ఊళ్లలో ఆ గడప తొక్కే వీల్లేదు. అన్నలో తమ్ముళ్లో వచ్చి చెబితే వినడమే. ఇప్పుడు అదే పెట్టె ఇంటి హాల్లోకి వస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. ఈ సరదా మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

ఆఫీసులు వదిలేసిన డబ్బాలు

ఇంట్లో గేమ్ పెట్టె చేయించుకోవడం కొత్తేం కాదు. కానీ ఇప్పుడు దీని గురించి ఇంత మాట్లాడుకోవడానికి రెండు కారణాలున్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్ ప్రాసెసర్ దాదాపుగా ఎనిమిదో తరానిదైనా అయ్యుండాలి. దాంతో ఆరు, ఏడు తరాల కంప్యూటర్లు నిక్షేపంగా పనిచేస్తున్నా ఆఫీసులు వాటిని వదిలించుకుంటున్నాయి. చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల దగ్గర పేర్చినవి అలాంటివే.

రెండోది ర్యామ్ ధర. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు తరలిపోతుండటంతో 2025 చివరికల్లా ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. ఇళ్లలో వాడే ‘క్రూషియల్’ బ్రాండు వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. గేమ్ పెట్టెలు చేసేవాళ్లు ఎంతో ఇష్టపడే రాస్ప్‌బెర్రీ పై బోర్డు ధర కూడా అదే నెలలో పెరిగింది. కొత్త కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవాలనుకున్నవాళ్లకు ఇది చేదు కబురు. ర్యామ్ లోపలే ఉన్న పాత ఆఫీసు డబ్బా కొనేవాళ్లకు మాత్రం ఆ దెబ్బ అంతగా తగలదు.

అయితే ఈ డబ్బాల గురించి చెప్పే ముందు, ఈ పనిలో దిగేవాళ్లందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఏ ప్రాసెసర్ తీసుకోమంటారు?’ అది అడగాల్సిందే, కాకపోతే ఆఖర్న. ముందు ఏ ఆటలు ఆడతారో తేల్చుకోవాలి. ఆటను బట్టి తెర, తెరను బట్టి పెట్టె వెడల్పు, ఆటను బట్టే స్టిక్కూ బటన్లూ. ఇవన్నీ కుదిరాక మిగిలిన డబ్బుతో వచ్చే కంప్యూటర్ నూటికి తొంభై మందికి సరిపోతుంది. వరస తిరగేసినవాళ్లు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొనేసి, తీరా చేత్తో పట్టుకునే స్టిక్ దగ్గరికొచ్చేసరికి డబ్బు చాలక నాసిరకంతో సరిపెట్టుకుంటున్నారు. పెట్టె తయారయ్యాక రోజూ తగిలేది ఆ స్టిక్కే. గ్రాఫిక్స్ కార్డును మళ్లీ చూసేవాళ్లే ఉండరు.

పాత బోర్డుకు నకలు

ఇప్పటి కంప్యూటర్లో పాత ఆట నేరుగా నడవదు. ఎందుకంటే ఆ రోజుల్లో ఆట అంటే ఒక సర్క్యూట్ బోర్డు. దాని ప్రాసెసర్ వేరు, శబ్దం పలికించే చిప్పు వేరు, బొమ్మ గీసే చిప్పులు వేరు. ఇటలీకి చెందిన నికోలా సల్మోరియా 1997 ఫిబ్రవరి 5న విడుదల చేసిన ‘మేమ్’ అనే ప్రోగ్రాం ఆ చిప్పులన్నీ ఎలా పనిచేసేవో కంప్యూటర్‌లో నకలు చేసి చూపిస్తుంది. ఆ తర్వాత ఎంతోమంది దానికి చెయ్యి వేశారు. ఇప్పుడది వేలాది ఆటలను నడుపుతోంది.

నకలు అంత ఖచ్చితంగా ఎందుకుండాలో ‘స్పేస్ ఇన్వేడర్స్’ను చూస్తే తెలుస్తుంది. 1978లో టైటో కంపెనీ కోసం తొమొహిరో నిషికాడో తయారుచేసిన ఆట అది. మనం శత్రువులను కాల్చేకొద్దీ మిగిలినవాళ్లు వేగం పుంజుకుంటారు. నిజానికి అప్పటి ప్రాసెసర్ అందరినీ ఒకేసారి కదిలించలేక నెమ్మదించేది. వాళ్లు తగ్గేకొద్దీ దాని పని తేలికై ఆట పరుగందుకునేది. నిషికాడో దాన్ని అలాగే ఉంచేశారు. ఆనాటి చిప్పు బలహీనత ఆటకే ప్రాణమైంది. ఆ నిదానాన్నీ ఆ పరుగునూ ఉన్నదున్నట్టు చూపించడమే మేమ్ పని.

ఈ ఆటల్లో సెకనుకు దాదాపు 60 బొమ్మలు తెరమీదికి రావాలి. అంటే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీ సెకన్ల గడువు. ఆ గడువులోనే బోర్డు మీది చిప్పులన్నీ ఒకదానితో ఒకటి అడుగు కలిపి పని ముగించాలి. కోలాటంలో ఎదుటివాళ్ల కర్ర వచ్చి తగిలితేనే మన తర్వాతి అడుగు పడుతుంది. పక్కన ఇంకో పదిమందిని తెచ్చి నిలబెట్టినా ఆట వేగం పెరగదు. మేమ్‌కి కోర్లు ఎన్నున్నాయన్నదానికంటే ఒక్కో కోరు ఎంత చురుగ్గా ఉందన్నది ముఖ్యం కావడానికి కారణం ఇదే.

ఆ చురుకు కూడా ఎంత కావాలి? 1980 నాటి ‘ప్యాక్‌మ్యాన్’లో ఉన్నది 3 మెగాహెర్ట్జ్‌తో నడిచే జడ్80 చిప్పు. ప్రోగ్రాం మొత్తం 16 కిలోబైట్లు. ఫోన్‌తో తీసిన ఒక ఫొటో దానికి వంద రెట్లకు పైనే ఉంటుంది. 1991లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’లో మోటరోలా 68000 ప్రాసెసర్ వేగం 10 మెగాహెర్ట్జ్. పదేళ్ల కిందటి ఆఫీసు కంప్యూటర్ మూడు వేల మెగాహెర్ట్జ్‌కు అటూ ఇటూగా నడుస్తుంది. షట్టర్ రోజుల ఆటలకు అది ధారాళంగా సరిపోతుంది.

> పాతదే బరువు!
> ఆట ఎంత పాతదైతే అంత తేలిక అనుకుంటాం. అటారీ కంపెనీ 1972లో తెచ్చిన ‘పాంగ్’ దీనికి మినహాయింపు. రెండు గీతలు, మధ్యలో ఒక చుక్క, అంతే ఆట. కానీ అందులో ప్రాసెసరూ లేదు, ప్రోగ్రామూ లేదు. అంతా లాజిక్ చిప్పులతో అల్లిన సర్క్యూటే. దాన్ని చూపించాలంటే కంప్యూటర్ ఆ సర్క్యూట్‌లో విద్యుత్తు ఎలా పారుతుందో లెక్కగట్టాలి. అందుకే మేమ్‌లో ‘ప్యాక్‌మ్యాన్’ కంటే ‘పాంగ్’ ఎంతో బరువు.

అడ్డమా, నిలువా?

తెర కొనే ముందు తేల్చుకోవాల్సింది సైజు కాదు, దిక్కు. ‘ప్యాక్‌మ్యాన్’, ‘గెలాగా’, ‘డాంకీ కాంగ్’ నిలువు తెర ఆటలు. ‘ముస్తఫా’, ‘స్ట్రీట్ ఫైటర్’ అడ్డ తెర ఆటలు. నిలువు ఆటను అడ్డ మానిటర్‌లో పెడితే బొమ్మ మధ్యలో సన్నగా మిగిలిపోతుంది, రెండు పక్కలా నల్లటి ఖాళీ. రెండూ కావాలనుకునేవాళ్లు మానిటర్‌ను తిప్పుకునే ఏర్పాటు చేయిస్తుంటారు. వినడానికి బాగుంటుంది గానీ బిగింపులు వదులవడం, వైర్లు లాగుకుపోవడం లాంటి తలనొప్పులు దానితోనే వస్తాయి. మీ ఇంట్లో ఎక్కువగా ఆడే ఆట ఏదో దానికే ఓటెయ్యండి.

ఆ రోజుల తెర నిష్పత్తి నాలుగుకు మూడు. ఇప్పటి మానిటర్లు పదహారుకు తొమ్మిది. 24 అంగుళాల కొత్త మానిటర్ వెడల్పు దాదాపు 21 అంగుళాలు. అందులో ‘ముస్తఫా’ బొమ్మను సరైన కొలతలో పెడితే మూలనుంచి మూలకు 19.6 అంగుళాలే వస్తుంది. అదే ఆఫీసులు పారేసిన 19 అంగుళాల పాత చదరపు మానిటర్‌లో 18.5 అంగుళాల బొమ్మ వస్తుంది. తేడా అంగుళమే. కానీ పాత మానిటర్ వెడల్పు 15, 16 అంగుళాలే కాబట్టి పెట్టె ఎంతో సన్నబడుతుంది. అపార్ట్‌మెంట్ హాల్లో సోఫాకూ షూ ర్యాకుకూ మధ్య పెట్టాలనుకునేవాళ్లకు ఇది చాలా పెద్ద తేడా. ముగ్గురు భుజం భుజం కలిపి ‘ముస్తఫా’ ఆడాలంటే మాత్రం పెట్టె ఎలాగూ వెడల్పుగానే ఉండాలి. అప్పుడు పెద్ద మానిటర్‌కే వెళ్లండి.

బొమ్మను కాసేపు ఎదురుగా కూర్చుని చూసి మానిటర్ కొనెయ్యకండి. గేమ్ పెట్టె ముందు మనుషులు నిలబడతారు. పిల్లలు కింద నుంచి చూస్తారు. టీఎన్ రకం ప్యానెల్ అయితే కింద నుంచి చూసినవాళ్లకు బొమ్మ నల్లబడుతుంది. దాన్నే నిలువుగా తిప్పి బిగిస్తే ఇద్దరు ఆటగాళ్లలో ఒకరికి రంగులు బాగుండి, ఇంకొకరికి వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఐపీఎస్ ప్యానెల్‌కు ఈ బాధ లేదు. షాపులోనే మానిటర్‌ను ఆన్ చేయించి, మోకాళ్ల మీద కూర్చుని ఒకసారి, లేచి నిలబడి ఒకసారి చూడండి. మొహమాటపడాల్సిన పని లేదు.

మానిటర్‌కు బదులు టీవీ పెట్టేవాళ్లూ ఉన్నారు. టీవీ ప్రతి బొమ్మనూ నున్నగా దిద్దాకే చూపిస్తుంది. ఆ దిద్దుబాటుకు పట్టే సమయం వల్ల మీరు బటన్ నొక్కాక ముస్తఫా ఆలస్యంగా తంతాడు. ‘గేమ్ మోడ్’ ఉంటే అది తప్పక ఆన్ చెయ్యాలి. లేని టీవీ జోలికి పోవద్దు.

ఇంకో చిన్న సంగతి. అన్ని ఆటలూ సెకనుకు సరిగ్గా 60 బొమ్మలు చూపించవు. ‘మోర్టల్ కాంబాట్’ లెక్క 54.7. మామూలు 60 హెర్ట్జ్ మానిటర్ మీద అది అప్పుడప్పుడూ సన్నగా తడబడుతుంది. అది కంటికి గుచ్చుకునేవాళ్లు ఆట వేగానికి తగ్గట్టు తెర వేగాన్ని మార్చే ఫ్రీసింక్ లాంటి సదుపాయమున్న మానిటర్, దానికి తగ్గ గ్రాఫిక్స్ రెండూ కొనుక్కోవాలి. ‘ముస్తఫా’ లాంటి క్యాప్‌కామ్ ఆటలు 59.6 దగ్గర నడుస్తాయి కాబట్టి వేగాన్ని పిసరంత సర్దితే తేడా తెలియదు.

> పాత టీవీ లోపల చెయ్యి పెట్టొద్దు
> లావుపాటి సీఆర్‌టీ తెర మీద ఆ ఆటలు కనిపించే అందమే వేరు. అందుకని పాత సామాన్ల కొట్టుకెళ్లి టీవీ తెచ్చి విప్పేవాళ్లున్నారు. పిక్చర్ ట్యూబ్‌కు వెళ్లే విద్యుత్తు ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్ పీకేసినా అది ట్యూబ్‌లో నిలిచి ఉంటుంది. టీవీ రిపేరు చేతనైన మనిషి లేకుండా వెనక మూత తీయకూడదు. పైగా ఇలాంటి తెరకు 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్ కావాలి. కంప్యూటర్ మామూలుగా ఇచ్చేది 31 కిలోహెర్ట్జ్. రెంటికీ పొంతన కుదర్చడానికి ప్రత్యేకమైన కార్డు, డ్రైవర్ అవసరం. మొదటిసారి చేయించుకునేవాళ్లు ఎల్‌సీడీతోనే మొదలుపెట్టడం క్షేమం.

చేతికి తగిలేది

డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. స్టిక్ అడుగున నాలుగు మైక్రోస్విచ్‌లుంటాయి. స్టిక్ వాలిన వైపు స్విచ్ టక్కుమంటుంది. మూలకు వాలిస్తే రెండు ఒకేసారి నొక్కుకుంటాయి. ‘స్ట్రీట్ ఫైటర్’లో కింద నుంచి ముందుకు చంద్రవంకలా తిప్పితే చేతుల్లోంచి అగ్గిబంతి రావాలంటే ఆ మూల పలకాలి. ‘ప్యాక్‌మ్యాన్’లో మూల పలికితే ప్రమాదం. అక్కడ దారులు నాలుగే. మూలకు తగిలిన స్టిక్ ఏదో ఒక దిక్కును తనే ఎంచుకుంటుంది, దయ్యం వచ్చి పట్టుకుంటుంది. ‘బాగానే తిప్పాను కదా’ అని పిల్లలు ఉక్రోషపడేది అందుకే.

దీనికి విరుగుడు స్టిక్ అడుగున ఉండే ప్లాస్టిక్ బిళ్ల. జపాన్ కంపెనీ సాన్వా చేసే జేఎల్ఎఫ్ రకం స్టిక్‌కు అడుగున చతురస్రాకారపు గేటు ఉంటుంది. దాన్ని ఊడదీసి 45 డిగ్రీలు తిప్పి బిగిస్తే ఎనిమిది దిక్కుల స్టిక్ కాస్తా నాలుగు దిక్కులకు మారిపోతుంది. అందుకే ప్యానెల్‌ను కింద నుంచి చెయ్యి దూరేలా, లేదా మూతలా పైకి లేచేలా చేయించాలి.

బటన్లు కొనేటప్పుడు చెక్క మందం గుర్తుపెట్టుకోండి. సాన్వా స్నాప్ బటన్లు సన్నటి రేకులో టక్కున కూర్చునేలా చేసినవి. 18 ఎంఎం ప్లైవుడ్‌లో వాటి కొక్కేలకు పట్టు దొరకదు. చెక్క ప్యానెల్ అయితే పొడుగాటి మరలున్న అమెరికన్ తరహా బటన్లు తీసుకోవాలి. లేదంటే ప్యానెల్ పైభాగాన్ని రేకుతో చేయించుకోవాలి. జపాన్ బటన్‌కు 30 ఎంఎం రంధ్రం, అమెరికన్ బటన్‌కు 28 ఎంఎం. బటన్లు చేతికొచ్చాకే వడ్రంగి చేత రంధ్రాలు వేయించండి. రెండు ఎంఎం ఎక్కువ పడిన రంధ్రాన్ని పూడ్చడం అతనికీ తలనొప్పే.

బటన్లకూ కంప్యూటర్‌కూ మధ్య ఎన్‌కోడర్ అనే చిన్న బోర్డు ఉంటుంది. చౌకగా దొరికే ‘జీరో డిలే’ బోర్డులు ఇంట్లో సరదాగా ఆడుకోవడానికి పనికొస్తాయి. పేరులో జీరో ఉన్నా ఆలస్యం పూర్తిగా ఉండదని కాదు. ‘స్ట్రీట్ ఫైటర్’ను పట్టుదలగా ఆడేవాళ్లుంటే అల్టిమార్క్ కంపెనీ ఐ-ప్యాక్ లాంటి మంచి బోర్డు మీద పెట్టిన డబ్బు వృథా కాదు. ఐ-ప్యాక్ తనను తాను కీబోర్డ్‌గా పరిచయం చేసుకుంటుంది. దాన్ని విండోస్‌తో వాడితే ఒక జాగ్రత్త: మేమ్‌లో మొదటి ఆటగాడి బటన్లలో ఒకటి షిఫ్ట్ కీ. షిఫ్ట్ వరసగా ఐదుసార్లు పడితే విండోస్ ‘స్టిక్కీ కీస్’ అంటూ ఆట మధ్యలో కిటికీ తెరుస్తుంది. కొట్లాటలో ఐదు దెబ్బలు ఎంతసేపు? ఆ సెట్టింగును మొదటి రోజే ఆపేయండి.

ఇప్పుడు కంప్యూటర్

ఇక చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల దగ్గరికి వద్దాం. అక్కడున్నవాటిలో నా ఓటు లావుపాటి పుస్తకమంత ఉండే బుల్లి డబ్బాలకే: డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, లెనోవో థింక్‌సెంటర్ టైనీ. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటే తొంభైల ఆటల్లో చాలావరకు హాయిగా ఆడుకోవచ్చు. 4 జీబీ ర్యామ్‌తో దొరికినా నిరాశపడొద్దు, ఈ పనికి అదీ చాలు. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ప్రాసెసర్‌లో ఉన్నదే సరిపోతుంది. వీటికి ల్యాప్‌టాప్ తరహా అడాప్టర్ ఉంటుంది. 230 వోల్టుల కరెంటు అడాప్టర్‌లోనే ఆగిపోయి, డబ్బాలోకి 20 వోల్టులకు మించకుండా వెళ్తుంది. చెక్కపెట్టెలో అది మంచి రక్షణ.

కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. అడాప్టర్ ఆ కంపెనీదేనా. చాలా డబ్బాల వెనక హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది, దానికి సరిపడా కేబుల్ ఉందా. అన్నిటికంటే ముఖ్యంగా, కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయోస్‌కు పాస్‌వర్డ్ ఉందా. ఆఫీసుల్లో పాస్‌వర్డ్ పెట్టి, తీయకుండానే అమ్మేస్తుంటారు. షాపులో ఆన్ చేయించి, బయోస్‌లోకి వెళ్లి ఒక సెట్టింగు మార్చి సేవ్ అవుతుందో లేదో చూశాకే డబ్బు ఇవ్వండి.

రాస్ప్‌బెర్రీ పై సంగతి? 2019లో వచ్చిన పై 4గానీ, 2023లో వచ్చిన పై 5గానీ ఎనభైలు, తొంభైల ఆటల్లో చాలావాటిని చక్కగా నడుపుతాయి. కరెంటు తక్కువ తింటాయి, చప్పుడు చెయ్యవు. కానీ పవర్ సప్లయి, మెమరీ కార్డు, కూలర్ అన్నీ విడిగా కొనాలి. ఆట మధ్యలో కరెంటు పోయినప్పుడు మెమరీ కార్డు పాడయ్యే అవకాశమూ ఉంది. అన్నీ కూడితే నేటి ధరల్లో పాత ఆఫీసు డబ్బాయే మేలనిపిస్తోంది. పెట్టె బల్లమీద పట్టేంత చిన్నదైతే అప్పుడు పై వైపు మొగ్గొచ్చు.

ఇంతకంటే బలమైన కంప్యూటర్ ఎవరికి కావాలి? ‘ఎన్ఎఫ్ఎల్ బ్లిట్జ్’, ‘గాంట్లెట్ లెజెండ్స్’ లాంటి తొంభైల చివరి త్రీడీ ఆటలు మేమ్‌లో చాలా బరువు. ‘క్రేజీ ట్యాక్సీ’ తరం ఆటలు ఆడేవాళ్లూ ఒక మెట్టు పైకెళ్లాలి. ఇంకొక మంచి కారణం ఉంది. రెట్రోఆర్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘రన్ అహెడ్’ అనే సదుపాయం ఉంటుంది. అది ఆటను తెర వెనక ఒకటి రెండు బొమ్మలు ముందుకు నడిపి చూసి, బటన్ నొక్కినప్పటి ఆలస్యాన్ని తగ్గిస్తుంది. దీనికి ప్రాసెసర్ చురుకుదనం కావాలి. బొమ్మ కోసం కాకుండా చేతి కోసం డబ్బు పెట్టడమంటే ఇదే, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

విండోస్ లైసెన్స్ గొడవ వద్దనుకుంటే లైనక్స్ మీద కట్టిన బాటోసెరా ఉంది. ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసి పెడితే నేరుగా ఆటల జాబితాతోనే తెరుచుకుంటుంది.

> కరెంటు రాగానే లేవాలి
> పెట్టె వెనక చెయ్యి దూర్చి కంప్యూటర్ బటన్ వెతుక్కోవడం రోజూ చేసే పని కాదు. బయోస్‌లో, పవర్‌కు సంబంధించిన పేజీలో, కరెంటు పోయి వచ్చాక ఏం చెయ్యాలని అడిగే సెట్టింగు ఒకటుంటుంది. దాన్ని ‘పవర్ ఆన్’కి మార్చితే స్విచ్ వెయ్యగానే కంప్యూటర్, మానిటర్, లైటు, స్పీకర్ అన్నీ ఒకేసారి లేస్తాయి. ఆపేటప్పుడు మాత్రం ముందు మెనూలోంచి షట్‌డౌన్ చేసి, తర్వాతే స్విచ్ తీయాలి.

మే నెల ఎండ, గోడమీది బల్లి

విదేశీ వీడియోలు చూసి పెట్టె చేయించుకునేవాళ్లు మన ఎండను లెక్కలోకి తీసుకోరు. బయట 43 డిగ్రీలున్నప్పుడు మూసిన చెక్కపెట్టెలో కంప్యూటరూ మానిటరూ కలిసి వేడి పుట్టిస్తాయి. కింద గాలి లోపలికొచ్చే దారి, పైన వెనకవైపు వేడి బయటికి పోయే దారి, అక్కడ ఒక 120 ఎంఎం ఫ్యాను. ఆ రెండు దారులకూ సన్నటి జాలీ కొట్టించడం మరవొద్దు. వెచ్చగా, చీకటిగా ఉండే చోటంటే బల్లులకూ బొద్దింకలకూ ఎంతిష్టమో మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఎండీఎఫ్ చౌక, కోయడం తేలిక, కానీ తడి తగిలితే ఉబ్బిపోతుంది. ఇల్లు తడిగుడ్డతో తుడిచే మన అలవాటుకు అడుగుభాగమైనా మంచి ప్లైవుడ్‌తో చేయించి, కింద చక్రాలో రబ్బరు కాళ్లో పెట్టించాలి. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే కనెక్షన్ ఇవ్వాలి, ముఖ్యంగా ప్యానెల్ రేకుతో చేయించినప్పుడు. పిల్లల తడి చేతులు తగిలేది దానికే. శబ్దానికి కోఠి గుజరాతీ గల్లీలో దొరికే చిన్న యాంప్లిఫైయర్ బోర్డు, రెండు కారు స్పీకర్లు చాలు.

ఆటలు ఎవరివి?

మేమ్ వాడటం చట్టబద్ధమే. అందులో వేసుకునే ఆటలకు మాత్రం హక్కుదారులున్నారు. నెట్‌లో దొరికిన ఆటల ఫైళ్లన్నీ కుమ్మరించుకోవడం కాపీరైట్ ఉల్లంఘనే. డబ్బిచ్చి కొనుక్కునే దారి ఇప్పుడుంది. 2021లో వచ్చిన ‘క్యాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియం’లో, దాని తర్వాతి సంకలనంలో పదుల కొద్దీ పాత ఆటలున్నాయి. 2022లో ‘ప్యాక్‌మ్యాన్ మ్యూజియం ప్లస్’ వచ్చింది. వీటిని కంప్యూటర్‌లో కొనుక్కుని అదే పెట్టెలో, అదే స్టిక్‌తో ఆడుకోవచ్చు.

మనవాళ్ల మనసులో మొదటి స్థానంలో ఉన్న ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ మాత్రం క్యాప్‌కామ్ సంకలనాల్లో లేదు. 2018లో ఆ కంపెనీ ఇదే తరహా వీధి కొట్లాట ఆటలు ఏడు కలిపి అమ్మినప్పుడూ దీనికి చోటు దక్కలేదు. కామిక్స్ ఆధారంగా చేసిన ఆట కావడంతో హక్కులు ఒక్క కంపెనీ చేతిలో లేవు. అసలు బోర్డులేమో ఏటికేడు పాడైపోతున్నాయి. క్యాప్‌కామ్ తర్వాత తెచ్చిన సీపీఎస్-2 బోర్డుల్లో తాళంచెవి లాంటి సమాచారం చిన్న బ్యాటరీ మీద ఆధారపడి ఉండేది, బ్యాటరీ అయిపోతే ఆటే పోయేది. మేమ్ లాంటి ప్రయత్నాలు లేకపోతే అలాంటి ఆటలు ఎన్నో మాయమైపోయేవి. కోట్లమంది చిన్నతనంలో భాగమైన ఆటను డబ్బిచ్చి కొనుక్కునే వీలు లేకుండా చెయ్యడం అన్యాయమని నేననుకుంటాను. హక్కుదారులు ఒక మాట మీదికొచ్చి దాన్ని అమ్మకానికి పెడితే ఇక్కడ కొనేవాళ్లకు కొదవ ఉండదు.

మూత బిగించే ముందు

సామానంతా వచ్చాక నేరుగా పెట్టెలో బిగించకండి. స్టిక్కూ బటన్లూ ఓ అట్టపెట్టెకు రంధ్రాలు చేసి అమర్చి, కంప్యూటర్, మానిటర్ డైనింగ్ టేబుల్ మీద పెట్టి రెండు మూడు ఆదివారాలు ఆడండి. బటన్ల మధ్య దూరం చిన్న చేతులకూ పెద్ద చేతులకూ సరిపోతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. అట్టను మళ్లీ కోసుకోవచ్చు. ఇద్దరి మధ్య భుజాలు తగలకుండా ఎంత చోటు కావాలో టేపుతో కొలిచి, ఆ లెక్కను వడ్రంగికి కాగితం మీద రాసివ్వండి. ప్యానెల్ ఎత్తు పెద్దవాళ్లు నిలబడి ఆడేలా మూడడుగుల పైన పెట్టి, పిల్లలకో పీట వేస్తే ఇద్దరికీ కుదురుతుంది.

వెనక తలుపుకు మరలు కాకుండా బందులు పెట్టించండి. ప్రతి వైరుకూ ఏ బటన్‌దో రాసిన చీటీ చుట్టండి. అన్నిటికంటే ముందు అరిగేది మైక్రోస్విచ్. దాని ఖరీదు తక్కువే గానీ, సరిగ్గా అదే రకం కావాల్సి వచ్చినప్పుడు వెంటనే దొరకదు. స్టిక్ కొన్నప్పుడే నాలుగు అదనంగా తీసుకుని, ఓ కవర్లో వేసి, తలుపు లోపలివైపు మేకుకు తగిలించి పెట్టండి.